సెలవు దినాల ఆపరేటర్

ఆదివారం పొద్దున మా వీధిలో మగవాళ్లు ఇంకా దుప్పటి తీయకముందే నేను తలలో పూలు పెట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి బయలుదేరేదాన్ని. వాకిట్లో నీళ్లు చల్లుతున్న ఆడవాళ్లు నన్ను చూసి, "ఆదివారం గూడా పనేనా మ్మా, పాపం" అనేవాళ్లు. నవ్వి ఊరుకునేదాన్ని. వాళ్లకు తెలియనిదేమిటంటే, నా ఆదివారాలు వారం మధ్యలో వచ్చేవి. మంగళవారం కూరగాయల మార్కెట్లో వంకాయను ఎంతసేపు తిప్పి చూసినా వెనక నుంచి తోసేవాళ్లు ఉండరు. రేషన్ అంగడిలో వరుస ఉండదు. సోమవారం కిటకిటలాడే పిల్లల డాక్టరు దగ్గర బుధవారం మధ్యాహ్నం ఈగ కూడా వాలదు. పాప రెండుసార్లు తుమ్మిందని తీసుకుపోతే, ఆయన నా అనుమానాలన్నీ ఆఖరి దాకా విని, కాఫీ కూడా ఇప్పించేవాడు.

నేను తిరుపతిలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. పర్మనెంటు కాదు. పర్మనెంటు వాళ్లు సెలవు పెట్టిన రోజుల్లో గంటల లెక్కన పిలిచే రిజర్వు జాబితాలో నా పేరుండేది. వాళ్లు సెలవు పెట్టేది ఆదివారాలూ, పండగలూ కాబట్టి నేను పని చేసేదీ అప్పుడే. బి.ఏ. చదివి ఇంట్లో కూర్చున్నానన్న దిగులు ఆ జాబితాతో పోయింది. పైగా సెలవు రోజుల కాల్స్ వేరుగా ఉండేవి. మామూలు రోజుల్లో బెల్లం వ్యాపారులు, ఆఫీసర్లు లైను కలవలేదని మా మీద విరుచుకుపడేవాళ్లు. ఆదివారం మాట్లాడేవాళ్లంతా కొండ దిగి వచ్చినవాళ్లు. "దర్శనం బాగా అయింది, లడ్లు తెస్తా ఉండాం, రాత్రి బస్సుకు వస్తాం, అన్నం వండి పెట్టండి." రోజంతా చెవిలో ఇవే మాటలు. ఇంటికి పోయేసరికి నాకే దర్శనం అయినట్టు ఉండేది.

ఇందులోని సుఖమంతా తర్వాత తెలిసింది. మొదట్లో నేను ఆ పని వదిలేయడానికి చీటీ రాసి పెట్టుకున్నాను.

కారణం మా పాప. అప్పటికి దానికి పద్నాలుగు నెలలు. మా ఆయన చిత్తూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున మొదటి బస్సుకు పోయేటప్పుడు పాప నిద్రలో ఉండేది. రాత్రి ఆయన వచ్చేసరికి మళ్లీ నిద్రపోయి ఉండేది. పాప దృష్టిలో ఆయన వారానికొకసారి వచ్చి పోయే చుట్టం. ఆయన ఎత్తుకుంటే నా వైపు చేతులు చాపి ఏడ్చేది. ప్రసూతి తర్వాత నన్ను మళ్లీ పిలిచినప్పుడు, ఆ చుట్టం చేతికి పిల్లను పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఇచ్చి పోవాల్సి వచ్చింది.

పోయే ముందు ఒక కాగితం మీద పద్దెనిమిది సూచనలు రాసి వంటింటి గోడకు అంటించాను. పాలు ఎంత వెచ్చగా ఉండాలో, గుక్కపెడితే ఏం చెయ్యాలో, చీమలు ఎక్కడెక్కడ వస్తాయో అన్నీ రాశాను. పదకొండోది: పాపను వీధి దాటించకూడదు. ఎండ, దుమ్ము, దిష్టి.

మా ఆయన నిలబడి మొత్తం చదివాడు. "ఊపిరి పీల్చేది ఎట్లో రాయలేదే" అన్నాడు.

మా ఇంట్లో ఫోను లేదు. ఎదురుగా ఉన్న కాఫీ పొడి అంగడిలో ఉంది. తీగలు రంధ్రాల్లో గుచ్చి లైన్లు కలిపే మా బోర్డు మీద ఖాళీ దొరికినప్పుడు లైను సరిగా ఉందో లేదో చూడటానికి అప్పుడప్పుడూ ఎవరో ఒకరికి మోగించి చూడటం మా వాడుక. ఆ వాడుక మొత్తాన్నీ నేను ఆ ఒక్క అంగడి మీద ఖర్చు పెట్టాను.

మొదటి ఆదివారం ఎనిమిది గంటలకు మోగించాను. వెనక మర ఆడుతున్న చప్పుడు. అంగడాయన గట్టిగా అరిచాడు.

"ఎవరూ?"

"లైను టెస్టింగ్ అండీ. మా పాప ఏడుస్తూ ఉందా?"

"ఏడస్తా ఉండాది మ్మా. మీ ఆయన గూడా ఏడ్సేట్టు ఉండాడు."

తొమ్మిదికి, పదికి, పదకొండుకి కూడా అదే కబురు. పన్నెండు తర్వాత "సప్పుడు లేదు మ్మా" అన్నాడు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయిందనుకున్నాను. ఇంటికి పోయి చూస్తే పాప కళ్లు ఉబ్బి, మా ఆయన చొక్కా భుజం మీద తడిసి ఉంది. "ఏం కాలేదు లే" అన్నాడు గాని నా ముఖం చూడలేదు.

రెండో ఆదివారమూ పొద్దుటంతా ఏడుపే, మధ్యాహ్నం చప్పుడు లేదు. మూడో ఆదివారం అంగడాయన నేను "హలో" అనకముందే అందుకున్నాడు.

"ఏడుపు ఉండాది. ముందుకన్నా తక్కువ. పాలు ముంగిట్లో కుమ్మరించినారు. ఇంగేమన్నా కావాలా? నా అంగడికి పొడి కొనే వాళ్లకన్నా నీ ఫోన్లే ఎక్కువైపాయ మ్మా."

మా సూపర్‌వైజరమ్మ ఇద్దరు పెద్ద పిల్లల తల్లి. మాట కరుకు. ఆమె అప్పటికే చెప్పేసింది. "సెలవ దినాల్లో రాలేనంటే నీ పేరు కొట్టేసి ఇంకొకర్ని ఏసుకుంటాను. ఈ జాబితా ఉండేదే సెలవలకి."

తప్పు ఆమెది కాదు. ఒకసారి పేరు పోతే మళ్లీ ఎక్కదని నాకూ తెలుసు. అయినా నాలుగో డ్యూటీ దాకా చూసి, అప్పటికీ పాప ఊరుకోకపోతే మానేద్దామని తీర్మానించుకున్నాను. ఆ నాలుగోది ఆగస్టు పదిహేను. 'ఇంటి పరిస్థితుల వల్ల' అని చీటీ రాసి, మడిచి, టిఫిన్ సంచిలో వేసుకుని పోయాను.

జెండా ఎగరేసి చాక్లెట్లు పంచారు. బోర్డు దగ్గర కూర్చుని ఎనిమిదికి మోగించాను.

"తాళమేసి ఉండాది మ్మా" అన్నాడు అంగడాయన. "తెల్లారే సంకలో ఎత్తుకోని పాయ. సంచీ, గొడుగు గూడా ఉండె."

"యాడికి?" నా నోట్లోంచి నాకు తెలియకుండానే మా ఊరి మాట వచ్చేసింది.

"నన్నడిగితే? కొండ బస్సులు పొయ్యే తట్టు నడిసినాడు."

కొండ అనేసరికి నాకు మొక్కు గుర్తొచ్చింది. పాప పుట్టు వెంట్రుకలు తిరుమలలో ఇవ్వాల్సిన మొక్కు ఉంది. మా అన్న ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలని నేను, అన్నకు తీరిక దొరికే దాకా ఎందుకు, ఒక సెలవు రోజు చూసి కానిచ్చేద్దామని ఆయన, నెల రోజులుగా వాదించుకుంటున్నాం. ఈ రోజు సెలవు. నేను ఇంట్లో లేను. సంచి కూడా పట్టుకుపోయాడు. పాప బోడి తల నా కళ్ల ముందు మెరిసింది.

చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. నగరి నుంచి ఒక బట్టల వ్యాపారి ఇక్కడి తన ఏజెంటును అడిగితే, ఆ తీగ తీసి ఒక సత్రం రంధ్రంలో పెట్టాను. లైను ఎందుకు వదలడం లేదోనని విని చూస్తే మాటలు జోరుగా సాగుతున్నాయి.

"మూటలు ఎన్ని దిగినాయప్పా?"

"మూటలు అరుగు మీద పెట్టుకోండి సామీ. రూములు లేవు."

"అరుగు మీదనా? వాన పడితే నూరు చీరలు పోతాయే."

"నూరు సీరలా? ఎంతమంది ఆడోళ్లు వచ్చినారు సామీ మీతో?"

తీగ లాగేసి, క్షమాపణ చెప్పి, సరైన చోట పెట్టేలోపల సూపర్‌వైజరమ్మ నా వెనక నిలబడి ఉంది.

"నగరి సీరలన్నీ సత్రంలో దించేసినావే. ఏమైంది నీకు?"

చెప్పేశాను. పాప ఏడుపు, మొక్కు, సంచి, చీటీతో సహా. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"మా పిల్లోళ్లను వాళ్ల నాయన చేతికి నేను ఒక దినం గూడా ఇడిసిపెట్టలేదు" అంది. "ఆయనకు సేతగాదని. ఇప్పుడు వాళ్లు నాయనతో మాట్లాడాలంటే మధ్యలో నన్ను పెట్టుకుంటారు. ఈడ గూడా ఆపరేటర్నే, ఆడ గూడా ఆపరేటర్నే." అని, బోర్డు వైపు చూపించింది. "అలిపిరి గేటుకు ఫోనుండాది కదా. ఎయ్యి. కొండ బస్సులన్నీ ఆడ్నే కదా నిలిచేది."

కలిపాను. అవతల బస్సుల రొద, జనం గోల, మధ్యలో గేటు కాపలా ఆయన గొంతు.

"సంకలో బిడ్డను ఎత్తుకున్న మగవాళ్లు ఎవరైనా కనిపించారా అండీ?"

"ఈడ నూరుమంది ఉండారు మ్మా. మీ ఆయన యా ఆయన?"

"నీలం చొక్కా. నల్ల గొడుగు. పాపకు గులాబి రంగు గౌను. సంచిలోంచి పాలసీసా కనిపిస్తుంటుంది."

"ఓ, విజిలు పాపా?" అన్నాడాయన, నేను తన సొంత మేనకోడలి గురించి అడిగినట్టు. "ఇదో, ఈడ్నే ఉండారు. పోయిన వారం ఎండ ఎక్కినాక వచ్చిరి. ఈసారి తెల్లారే వచ్చేసినారు. పిలుస్తా ఉండు."

పోయిన వారమా? అప్పుడర్థమైంది, మధ్యాహ్నం ఇంట్లో చప్పుడు ఎందుకుండేది కాదో.

మా ఆయన గొంతు వచ్చింది, బడిలో పట్టుబడిన పిల్లవాడి గొంతులా.

"నువ్వా?"

"జుట్టు తీయించారా?"

"ఏం జుట్టు? ఎవరిది?" అని, అర్థమయ్యాక, "అయ్యో, మీ అన్న లేకుండా నేనెట్ల తీయిస్తాను?" అన్నాడు.

"మరి అక్కడికెందుకు?"

"మొదటి వారం ఎంతకీ ఊరుకోకపోతే టౌను బస్సెక్కించినాను. ఈడికొచ్చినాక ఊరుకునింది. గేటాయన విజిలు ఊదితే బస్సు కదిలేది చూసి ఒకటే నవ్వు. ఆ పొద్దు నుంచి ఇదే పని. ఈ పొద్దు సెలవు కదా, బస్సులు ఎక్కువని ముందే వచ్చేసినాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"పదకొండోది ఉండాదే" అన్నాడు. "వీధి దాటించకూడదని."

అంతలో నా చెవిలో ఒక విజిల్ మోగింది. పక్క సీట్లో అమ్మాయి కూడా ఉలిక్కిపడింది. ఊదింది గేటాయన కాదు. ఊపిరి చాలక మధ్యలో తెగిపోయిన విజిల్ అది. దాని వెనకే పాప నవ్వు. ఆయన చేతుల్లో ఉండగా అది నవ్వడం నేను అంతకుముందు వినలేదు. ఇంకొకరి నోట్లోని విజిల్ పెట్టుకుంది, కడిగారో లేదో అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"అయిందా?" అంది సూపర్‌వైజరమ్మ. "చిత్తూరుకు లైను అడిగినాయన అర్ధగంట నుంచి కాసుకోని ఉండాడు. ఎయ్యి."

మధ్యాహ్నం పోయేటప్పుడు, వచ్చే వారం జాబితాలో ఎవరెవరు వస్తారో రాసే చోట నా పేరు నేనే రాశాను. ఇంటికి పోయి గోడ మీది కాగితం పీకేశాను. సంచిలోని చీటీ తీసి, దాని వెనక 'గొడుగు' అని ఒక్క మాట రాసి ఆ చోటనే అంటించాను. మా ఆయన చదివి, "ఇంతేనా?" అన్నాడు. ఇంతే అన్నాను. తర్వాత రెండు రోజులకు ఆగలేక 'విజిలు వేడినీళ్లలో కడగాలి' అని కింద చేర్చాను. అది వేరే సంగతి.

కాఫీ పొడి అంగడికి నా ఫోన్లు నెలకొకటికి దిగిపోయాయి. "ఏం మ్మా, మమ్మల్ని మరిచేపోతివి. లైను బాగుందో లేదో చూసేదే లేదా?" అని ఒకరోజు ఆయనే ఎక్స్‌చేంజీకి ఫోన్ చేసి అడిగాడు.

ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. జుట్టు మా అన్న ఒళ్లోనే తీయించాం, ఒక గురువారం. వాళ్లిద్దరి ఆదివారాల్లో నాకు తెలియనివి చాలా ఉన్నాయి. అన్నీ అడగను, కొన్ని మాత్రం అడుగుతాను. మొన్న ఒక ఆదివారం నాకు డ్యూటీ పడలేదు. ఎనిమిదైనా ఇంట్లోనే తిరుగుతున్న నన్ను చూసి పాప చెప్పులు వేసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"అమ్మా, నువ్వింకా పోలేదా?" అంది. "నాయన, నేను యాడికో పోవల్ల."