మూడో ఆదివారం ప్రకటన

వచ్చే ఆదివారం తాను ఊళ్లో ఉండనని, పెళ్లి ప్రకటన మూడోసారి చదివే పని సంఘపెద్దగా నన్నే చూసుకోమని మా చర్చి పాస్టరు అయ్యగారు నిన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

మా తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడిగి కాసేపు ఆగడం మా ఆనవాయితీ. మెదక్‌లో మా పేట గుడికి అప్పుడు నాన్నే సంఘపెద్ద కనుక ఆయనే చదివేవాడు, ఆ చదివే గొంతు ఇంట్లో గొంతులా ఉండేది కాదు, ఇస్త్రీ చేసిన గొంతని అక్కా నేనూ చాటుగా నవ్వుకునేవాళ్లం.

అక్క పెళ్లి ప్రకటన కూడా ఆయనే చదివాడు. రెండో ఆదివారం అయ్యాక, పెళ్లికొడుకు తల్లి తమ ఇంట్లో ప్రార్థనకు రమ్మంటే వెళ్లి, తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుండిపోయాడు. ప్రార్థనలో విన్న మాట ఆ గడప దాటకూడదన్నది ఆయన పట్టుదల, అమ్మ ఎంత అడిగినా నోరు విప్పలేదు.

మూడో ఆదివారం ప్రకటన చదివి, అభ్యంతరం అడిగి, కాగితం బల్ల మీద పెట్టి, మెట్టు దిగి మా ఆడవాళ్ల బెంచీల పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“అభ్యంతరం నాకే ఉన్నది. గిది సంఘపెద్దగ కాదు, పిల్ల తండ్రిగ చెప్తున్న. ఎందుకని నన్ను అడగకుండ్రి.”

అక్క చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఎంత గర్వమో.

తర్వాత ఆ అబ్బాయికే కౌడిపల్లి పిల్లను కుదిర్చారు. ఆ ప్రకటన ఇంకొకరికి అప్పగించి నాన్న వెనక బెంచీలో కూర్చున్నాడు. అభ్యంతరం అడిగినప్పుడు తల వంచుకున్నాడు. మరుసటి వానాకాలం ఆ పిల్ల శవపెట్టె వెనక అందరం నడిచాం. దెబ్బల సంగతి పేటంతా గుసగుసలాడింది. నాన్న మళ్లీ ఎన్నడూ ప్రకటన చదవలేదు.

ఇప్పుడు పేర్లు తెర మీద పడతాయి, వాట్సాప్ గ్రూపులో దీవెనలు ముందే వచ్చేస్తాయి, అడిగాక ఆగే తీరిక ఎవరికీ లేదు. మొన్న ప్రార్థనకు వెళ్తే, ఈ పెళ్లికొడుకు తల్లి కొడుకు కొట్టిన చోట కమిలిన మోచెయ్యి చూపించి, ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాన్నకు మెట్టు దిగి నిలబడడానికి తండ్రి అన్న చోటైనా ఉండేది. ఈ పెళ్లికూతురు నాకు ఏమీ కాదు.

ఆ కౌడిపల్లి పిల్ల కూడా నాన్నకు ఏమీ కాదు.