ఉడకబెట్టిన గిటార్ తీగలు

ఆ రోజుల్లో మా ఇంట్లో దేనికి కరువొచ్చినా అనుమానానికి మాత్రం రాలేదు. మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుల కాలనీ మాది. బాపు భూమి కింద కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. అక్కడ కర్రతో కప్పును తట్టి చూడాలి. చప్పుడు గట్టిగా వస్తేనే ముందుకు అడుగు, డొల్లగా వస్తే వెనక్కి పరుగు. ఆ అలవాటు పైకి వచ్చాక కూడా ఆయన్ని వదల్లేదు. తలుపును తట్టేవాడు, మంచాన్ని తట్టేవాడు, చుట్టం కూర్చోబోయే కుర్చీని తట్టేవాడు. (నా పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి వీపు కూడా తట్టాడు. ప్రేమతో తట్టాడని మా ఆయన ఇప్పటికీ మురిసిపోతుంటాడు.) నేను ఆ బాపు బిడ్డనే కదా! అంగడిలో ఎవరైనా నవ్వుతూ నాలుగు మిరపకాయలు కొసరు వేస్తే, ముందు తక్కెడ వైపు చూసేదాన్ని.

నాకు అప్పట్లో ఒకటే కోరిక, చర్చిలో అందరిలా కింద చాప మీద కాకుండా, పాటల బృందంతో కలిసి పైన వేదిక మీద కూర్చోవాలని. కానీ వాళ్లంతా పుస్తకం చూసి పాడేవాళ్లు, నాకేమో అక్షరాలు రావు. (నలభై దాటాక నేర్చుకున్నాను.) అయితే బేస్ గిటార్ వచ్చు. మా మేనమామ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. ఆయన పక్కన కూర్చుని వినీ వినీ, ఆయన అన్నం తినే వేళ తీగలు నొక్కీ నొక్కీ నేర్చేసుకున్నాను. దానికి పుస్తకం అక్కర్లేదు, చెవి చాలు. ఆ సంగతే బృందాన్ని నడిపే సారుకు చెప్పాను. "మీ మామ గిటార్ పట్టుకొని నిజామాబాద్ పోయిండు గదా! నువ్వేం వాయిస్తవు, చాటనా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నా ముఖం చూసి మళ్లీ ఆయనే అన్నాడు, "పంటల పండుగ లోపల నీ గిటార్ నువ్వు తెచ్చుకో. మంచిగ మోగితే పైన కూసో. లేకుంటే చాప మీదనే."

జాకెట్లు కుట్టి కూడబెట్టింది కొంగున ముడేసుకుని, బాపును తోడు తీసుకుని కరీంనగర్ బస్సెక్కాను. అక్కడ పాత వాయిద్యాలు బాగుచేసే చాచా ఒకాయన ఉన్నాడని మామ చెప్పి పోయాడు. చాచా అటక మీద నుంచి పాత లుంగీలో చుట్టిన మూటను దించి విప్పాడు. లోపల బేస్ గిటార్. ఎవరో దానికి తలుపులకు వేసే ఆకుపచ్చ రంగు పూశారు. "పెద్ద పేరున్న బేస్‌కు కాపీ ఇది బేటా. ఒరిజినల్ కాదు. కానీ పాత కాపీ, జపాన్‌ది. గిప్పటి కాపీల లెక్క కాదు" అన్నాడు.

బాపు నా వైపు చూశాడు. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లల్ని బడి బయట నిలబెట్టడం మాకు తెలుసు గాని, కాపీ అని చెప్పి మరీ అమ్మడం మేమెన్నడూ వినలేదు. "మోసమని నోటితోనే ఒప్పుకుంటుండంటే, లోపల ఇంకెంత దాసిపెట్టిండో" అని బాపు నా చెవిలో గుసగుసలాడాడు. (దుకాణం మొత్తానికి వినబడింది.) తర్వాత తీగలు లెక్కపెట్టాడు.

"ఏమన్నవు, బేసి గిటారా? మరి తీగలు సరి ఉన్నయేంది? ఒకటి ఎవలు పీకిండ్రు?"

"యా అల్లా! బేసి కాదు భాయ్, బేస్. దీనికి నాలుగే ఉంటయి."

"మా చర్చిల గిటార్‌కు ఆరున్నయి. అంటే రెండు పీకినవన్నట్టు."

నాలుగే ఉంటాయని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు, ఆ లేని తీగల పేరు చెప్పి బేరం దిగుతుందేమోనని. చాచా కూడా తక్కువ తినలేదు. "ఇంతకు వాయించేటోళ్లు ఎవరు?" అని అడిగి, నేనే అనగానే నన్ను ఎగాదిగా చూశాడు. గిటార్ నా ఒళ్లో పెట్టాడు గాని దాని పట్టీ కొస మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కరెంటు లేకపోతే దాని గొంతు బయటికి రాదు. "గిరాకి రాంగనే కరెంట్ పోయిందా! మస్తు తెలివి" అన్నాడు బాపు.

"ఫికర్ ఎందుకు? దాని భుజానికి చెవి ఆనించి మీటు బేటా" అన్నాడు చాచా.

ఆనించాను. లావు తీగను మీటాను. చప్పుడు కొంచెం మందంగానే ఉంది గాని, చెక్కలో నుంచి దవడలోకి, దవడలో నుంచి వెన్నులోకి దిగింది. ముఖం మాత్రం చేదు మాత్ర మింగినట్టు పెట్టాను. ఇక బాపు వంగి, వేలి కణుపులతో గిటార్‌ను రెండు మూడు చోట్ల తట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. "గట్టిగుంది. కూలదు" అన్నాడు.

"గిటార్ ఎందుకు కూల్తది భాయ్?" అని చాచా పరేషాన్ అయ్యాడు.

కొంగు ముడి విప్పి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. బయల్దేరేటప్పుడు చాచా అసలు మాట చెప్పాడు. "మెడ వంకర నేను తీసిన. తీగలే చచ్చినయి. కొత్తయి హైదరాబాద్ నుంచి రావాలె, మీ పండుగ దాటుతది. గందాక వీటిని విప్పి నీళ్లల్ల ఉడకబెట్టు. మంచిగ తుడిచి ఆరబెడితే మళ్ల పలుకుతయి." బస్సెక్కాక బాపు అన్నాడు, "తీగలు ఉడకబెట్టుమంటుండు. ఆలుగడ్డలా అవి? ఊరోళ్లమని ఎగతాళి చేసిండు బిడ్డా."

ఇంటికొచ్చి రంగు గీకడం మొదలుపెట్టాం. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఎరుపు. "గిన్ని అంగీలు మార్చినోడు సక్కనోడు కాదు" అని బాపు ప్రతి రంగుకూ ఒకసారి అన్నాడు. ఎరుపు కింద అసలు చెక్క తేలింది, పాత బెల్లం రంగులో. ఇక బాపు డ్యూటీ నుంచి వచ్చి స్నానమైనా చేయకుండా గరుకు కాగితం పట్టుకుని కూర్చునేవాడు. మరలకు పట్టిన తుప్పు నేను కిరసనాయిలుతో వదిలించాను. చూడటానికి పెళ్లికూతురిలా తయారైంది. మోగడానికే మోగలేదు. పండుగ ముందురోజు చర్చిలో సౌండ్ బాక్సుకు తగిలిస్తే, తడి దుప్పటి మీద కర్రతో కొట్టినట్టుంది. చాచా దుకాణంలో చెక్కకు చెవి ఆనిస్తే వినిపించిన ఆ కొంచెం గొంతు కూడా పెద్ద డబ్బాలో మాయమైంది. "గిది గిటారా, గోనెసంచా?" అన్నాడు సారు. "రేపు గిట్లనే ఉంటే చాప మీదికి పో బిడ్డా, ఏమనుకోకు."

ఇంకేం చేస్తాను? ఇంటికెళ్లి తీగలు విప్పి, చుట్టలు చుట్టి, గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. మా అవ్వ వచ్చి తొంగి చూసింది.

"ఏందే, సేమియానా?"

"తీగలు."

అవ్వ గరిటె తీసుకుని ఒకసారి కలిపింది. "జర ఉప్పన్న వెయ్యి" అంది.

బాపు లేచి తలుపు మూశాడు. "ఎవలన్న అడిగితే సేమియా అనే చెప్పుండ్రి. ఇజ్జత్ పోతది."

కాసేపటికి నీళ్లు బొగ్గు కడిగినట్టు నల్లబడ్డాయి. ఎన్ని పెళ్లిళ్ల చెమటో ఏమో! తెల్లారి తీగలు బిగించి, చెవి ఆనించి మీటాను. బాపును పిలిచాను. ఆయనా చెవి ఆనించి విన్నాడు. లేచి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీళ్లల్ల ఏం కలిపినవ్?" అన్నాడు.

చర్చిలో గుమ్మడికాయలు, వరి కంకులు కుప్పలు పోశారు. వాటి వెనుక నేను. మొదటి చరణమంతా వాయించినా ఎవరూ నా వైపు తిరగలేదు. బేస్ అంతే, ఉందని ఎవరికీ తెలియదు. రెండో చరణంలో, కింద చాప మీద బాపు తల ఊపుతూ కనబడ్డాడు. నా వేలు జారింది. చేయి ఆగిపోయింది. వెంటనే పాడేవాళ్ల గొంతులు తడబడ్డాయి, నడిచే వాళ్ల కాలి కింద మెట్టు తీసేసినట్టు. సారు గిర్రున తిరిగాడు. అయిపోయింది, చాప మీదికే అనుకున్నాను. ఆయన వంగి, "ఆపకు బిడ్డా" అన్నాడు, అంతే.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటలో ఏ మర్మమూ లేదు. అప్పటి నాలోని ఆ పిల్ల మాత్రం వేళ్లు ఆడిస్తూనే సారు వీపు వైపు ఓరగా చూస్తూ, 'ఎందాక ఆపొద్దంటుండు? గీ పాట దాకనేనా?' అని లోలోపల లెక్కలు వేసింది. ఒక్కసారి ఆ పిల్ల పక్కన కూర్చుని, నిన్నెవరూ లేపరమ్మా, నిమ్మళంగా వాయించుకో అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మదనుకోండి.