కూతురి బేకరీ పలకడం లేదు

మూస్‌జా ఊళ్లో లోర్న్ పెట్రిషిన్ అంటే వెబ్‌సైట్లకు కాపలా కాసే ముసలాయన. మంచు మీద ఆడే కర్లింగ్ ఆట క్లబ్బుదీ, ఉక్రేనియన్ చర్చిదీ, విత్తనాల కొట్టుదీ సైట్లు నడుస్తున్నాయో లేదో చూసే చిన్న కంప్యూటర్ స్క్రిప్టు రాసుకుని ఇంట్లో ఆడిస్తుంటాడు. ఎవరూ అడగలేదు, అదో పిచ్చి. అందులో చివరి పేరు మాత్రం ఊరిది కాదు, ఎక్కడో దూరాన హాలిఫాక్స్‌లో కూతురు టాన్యా నడిపే బేకరీది. మిగతావాటిని గంటకోసారి పలకరించే స్క్రిప్టు, దాన్ని నిమిషానికోసారి పలకరిస్తుంది.

భార్య పోయిన రోజున లోర్న్ ఆసుపత్రిలో లేడు. ఆఫీసులో పడిపోయిన సర్వర్‌ని లేపుతూ, కూతురు ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకో గంటలో వస్తా" అన్నాడు. ఆ తర్వాత టాన్యా తండ్రితో మాట్లాడలేదు. ఇక ఆమె గురించి ఆయనకు తెలిసేదల్లా కొట్టు సైటు పలుకుతోందన్న కబురొక్కటే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. కాలిన చేతులకు ఇంకేం గతి ఉంది?

మార్చిలో ఒక పొద్దున బేకరీ పేరు పక్కన ఎర్రగా "పనిచేయడం లేదు" అని పడింది. కొట్టు మూసేసిందా, జబ్బు పడిందా? లోర్న్ సైటు పేరు తప్పు రాశానేమోనని చూశాడు, సరిగానే ఉంది. జవాబు కోసం ఇంకాసేపు ఆగమని స్క్రిప్టుకు చెప్పి చూశాడు, ఎరుపే. మిగతా సైట్లన్నీ పలుకుతున్నాయి కాబట్టి ఇంట్లో నెట్‌ది తప్పు కాదు.

పక్కింటి వెర్నా గిన్నెలో పెరోగీలు, అదే బంగాళాదుంప కూరిన కుడుములు, పట్టుకొచ్చింది. "ఏమయ్యా, మొహం అలా పీక్కుపోయింది? చర్చి సైటు పడిపోతే దేవుడేమన్నా చలికి చస్తాడా?" అంది. సంగతి విని తన ఫోనులో, తన సొంత నెట్‌తో చూసింది. "ఇదిగో, బాగానే తెరుచుకుందిగా. ఇవాళ రూబార్బ్ పై అనే తీపి చేశారట."

లోర్న్ గుండె కుదుటపడింది, వెంటనే జారిపోయింది. సైటుకేమీ కాలేదు. ఈ ఇంటి నుంచి వచ్చేవాళ్లను మాత్రం రానివ్వకుండా అక్కడ ఎవరో ఆపేశారు.

"అయితే ఫోన్ చెయ్యి. మిషన్ని పంపి కూతుర్ని చూసుకునేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను," అంటూ వెర్నా సైటులో ఉన్న నంబరు నొక్కి ఫోను చేతిలో పెట్టింది.

"బేకరీ, చెప్పండి."

"టాన్యా, నేను... నాన్నని. మీ సైటు నాకు తెరుచుకోవడం లేదమ్మా."

అవతల ట్రే ఒకటి కింద పెట్టిన చప్పుడైంది.

"రాత్రీ పగలూ వచ్చి తడుతున్నది నువ్వా? ఎవరో దొంగలనుకుని ఆపించాను."

"నువ్వు బాగున్నావో లేదోనని..."

"అది మిషన్‌తో అడిగించావా నాన్నా? అమ్మ చివరిదాకా నిన్నడిగింది. అప్పుడూ నువ్వు మిషన్ దగ్గరే ఉన్నావు." ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "ఆ అడ్డు అలాగే ఉండనీ. తీయించను."

లోర్న్ ఫోను వెర్నాకు ఇచ్చేశాడు. స్క్రిప్టులో చివరి పేరు చెరిపేసి మళ్లీ ఆడించాడు. తెరంతా పచ్చబడి, అన్నీ బాగున్నాయని చెప్పింది. వెర్నా అక్కడుందని కూడా చూడకుండా ఆయన ఏడ్చాడు.