ఉడుతలకు అందని పళ్లెం

మా అన్న పొలం ప్లాట్లు కాకముందు ఏటా కోతలవగానే నాకు వరి కంకులు పంపేవాడు. వాటిని జడలా అల్లి, కుచ్చు కట్టి వరండా దూలానికి వేలాడదీసేదాన్ని. పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకుని తినేవి. తరువాత ఊళ్లో పొలాల నిండా హద్దురాళ్లు పాతారు. ఇక్కడ అమీర్‌పేటలో మా సందు గోడల నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వచ్చాయి. కంకులు రావడం ఆగిపోయింది. పిచ్చుకలు మాత్రం పొద్దున్నే వచ్చి ఖాళీ దూలం మీద కూర్చుని అరిచేవి. ఇల్లు అత్తది, సంపాదన ఆయనది. నన్ను చూసి వచ్చేవి ఆ ఇంట్లో అవొక్కటే. అవి కూడా రావడం మానేస్తాయేమోనని భయపడి, నూకలు, కొర్రలు కొని పెట్టడం మొదలుపెట్టాను.

పెట్టింది పిచ్చుకలకు దక్కలేదు. వాకిట్లో జామచెట్టు, చెట్టు నిండా ఉడుతలు. కొబ్బరి చిప్పలో పోసి తాడుకు కడితే తాడు వెంట దిగాయి. బట్టలారేసే తీగకు నడిమధ్యన కడితే తీగ మీద నడిచి వచ్చాయి. పంజగుట్టలో ఒక పెద్ద దుకాణానికి పోయి, పిట్టలకు గింజలు పోసే ప్లాస్టిక్ గూడు ఒకటి కొన్నాను. అప్పటికి నాకు చదవడం రాదు. అట్టపెట్టె మీది బొమ్మలో పిట్టలు కనిపిస్తే చాలనుకున్నాను. ఉడుతలు దాని అడుగు కొరికి గింజలన్నీ కింద పోసుకున్నాయి. చుట్టూ ఇనుప జాలీ కట్టాను. పిచ్చుక పట్టేంత సందు ఉంచాలి కదా. మన ఉడుత ఎంతని? పిచ్చుక దూరిన చోటల్లా అదీ దూరింది. లోపల కూర్చుని, రెండు చేతులతో గింజ పట్టుకుని, నన్ను చూస్తూ నమిలేది.

మా ఆయన ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో అటెండరు. ఒక ఆదివారం స్కూటర్‌కు వేసే గ్రీజు తెచ్చి తీగ పొడవునా పూశాడు. అత్త చూసి, పాత గుడ్డతో మొత్తం తుడిచేసింది.

"రాముడు ఈపు నిమిరిన జీవాలే అవి. జారి పడి నడుం ఇరిగితే ఆ పాపం ఎవరికే?"

"మరి పిచ్చుకలు ఏం తినాలె అత్తా?"

"పిచ్చుక ఈపు నిమిరిండా రాముడు? నిమరలే. దాని తిప్పలు అది పడుతది."

రోజూ గోడ మీద నానబెట్టిన పల్లీలు పెట్టి ఉడుతలను పిలిచేది కూడా ఆమే. గ్రీజు పోయినందుకు నేనేమీ బాధపడలేదు. ఈకలకు అంటుకుంటే పిట్ట ఎగరలేదు.

ఆఖరికి కుదిరింది ఇనుప గొట్టంతో. బోరు వేసినప్పుడు మిగిలిన గొట్టాన్ని వాకిలి మధ్య పాతించాను. పైన పళ్లెం, పళ్లెం కింద పాత అల్యూమినియం బేసిను. బేసిను నడుమ రంధ్రం చేయించి, గొడుగులా బోర్లించి గొట్టానికి దిగేశాను. ఉడుత గొట్టం పట్టుకుని ఎక్కేది, బేసిను కింద తల తగిలేది, చుట్టూ తిరిగి చూసి దిగిపోయేది. పిచ్చుకలు పైన దర్జాగా తినేవి. పళ్లానికి వాననీరు పోయేలా చిల్లులు పెట్టించాను. తడిసిన గింజకు బూజు పడితే పిట్టలు చస్తాయి. అందుకే ఏ పూటకు ఆ పూట కొంచెమే పోసి, పొట్టు ఊది, పళ్లెం కడిగి ఎండలో పెట్టేదాన్ని.

ఒక్కటే లోపం. జామచెట్టు కొమ్మ ఒకటి ఇటువైపుకు సాగి ఉండేది. కొన్నాళ్లకు ఉడుతలు దాని కొసకు వచ్చి పళ్లెంలోకి దూకడం నేర్చుకున్నాయి.

"ఆ ఒక్క కొమ్మ కొట్టించు" అని మా ఆయనను అడిగాను.

"చూద్దాం తియ్."

అన్నం పెట్టిన ప్రతిసారీ అడిగాను. ప్రతిసారీ అదే మాట.

మా ముందు గదిలో అప్పటికే ఒకాయన అద్దెకు దిగి కంప్యూటర్ క్లాసులు చెబుతున్నాడు. కోస్తా మనిషి. పిల్లలు గుమ్మం దాకా కూర్చునేవారు. ఒకరోజు ఆయన మా ఆయనతో అనడం నా చెవిన పడింది. "ఇంకో గది ఉంటే మొత్తం నేనే తీసుకుందునండీ. ఆ చెట్టు అడ్డం గానీ..."

అన్న ఇంట్లో పెళ్లికి ఊరెళ్లాను. తిరిగి వచ్చేసరికి వాకిట్లో ఎండ పరుచుకుని ఉంది. మొదట ఏం మారిందో తెలియలేదు. తరువాత మొద్దు కనిపించింది.

"ఇగ నీకు ఉడుతల లొల్లి లేదు. నిమ్మళంగ పెట్టుకో నీ గింజలు" అన్నాడు మా ఆయన.

"నేను కొమ్మ అంటి కదయ్యా!"

"కొమ్మ కొడితే మళ్ల మొలుస్తది. ఏర్లతోని తీపిస్త."

ఉడుతలు నిజంగానే పోయాయి. పిచ్చుకలు ఇంతకుముందు ముందుగా చెట్టు మీద వాలి, అటూ ఇటూ చూసుకుని, ఒకటొకటిగా దిగేవి. ఇప్పుడు వాలడానికి ఆకు లేదు, దాక్కోవడానికి రెమ్మ లేదు. కొన్ని రోజులు కరెంటు తీగ మీద కూర్చుని చూశాయి. తరువాత అదీ లేదు. వాటి బదులు పావురాలు వచ్చాయి. బేసిను వాటినేం ఆపుతుంది?

"పిన్నిగారూ, బళ్ల మీదంతా రెట్టలండీ, పిల్లలు గొడవ చేస్తున్నారు" అన్నాడు క్లాసుల ఆయన. గోడకు పునాది తవ్వినప్పుడు గొట్టం కూడా పీకేశారు. కొత్త గది లేచింది.

అత్త నాతో మాట్లాడటం మానేసింది. ఉడుతల ఉసురు ఈ ఇంటికి తగులుతుందని పక్కింటివాళ్లకు వినపడేలా అనేది. మా ఆయన మాత్రం వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పుకునేవాడు. ఆడబిడ్డ వచ్చినప్పుడు కూడా మొదలుపెట్టాడు.

"మీ వదినె ఉడుతలు ఉడుతలని నా పానం తీసింది. ఏం జేస్తం, మా నాయిన పెట్టిన చెట్టు సుత కొట్టిపిచ్చిన."

టీ పోస్తున్న నేను ఆగాను. "నేను అడిగింది ఒక్క కొమ్మ" అన్నాను.

ఆడబిడ్డ పకపకా నవ్వింది. "కొమ్మ అడిగితే చెట్టే ఇచ్చిండా! అసొంటి మొగడు ఎవ్వరికి దొరుకుతడు వదినె!"

ఆయన కూడా నవ్వాడు. గది మాట ఎవరూ ఎత్తలేదు. అత్త ఒక్కతే నవ్వకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. అది నా మీద జాలి కాదు. ఆ చెట్టు నా కోసమే కొట్టారని ఆమె నమ్మింది.