రాయి చప్పుడు

నర్మెట్ట దగ్గరి తండాలో, నీటి కొలతల ఉద్యోగంలో ఉన్న నేనూ ఒక అవ్వా ప్రతి సోమవారం బావి నీటిమట్టం కొలిచి, శాస్త్రవేత్తలూ అధికారులూ రైతులూ చూసే ఉమ్మడి పుస్తకంలో రాసేవాళ్లం. నేను టేపు దించకముందే ఆమె గులకరాయి వేసి, చెవి ఒగ్గి, లోతు చెప్పేది. ఏనాడూ అడుగు తేడా రాలేదు.

మేం కలిసి కొలిచిన చివరి సోమవారం ఆమె చాలాసేపు వంగే ఉంది.

"సారూ, గీసారి సప్పుడే రాలే. నీళ్లు లెవ్వు, రాయకు."

"టేపు తడిసిందవ్వా. నలభై అడుగుల దగ్గర నీళ్లున్నాయి."

"తడిసింది టేపే సారూ. బాయి కాదు."

నలభై అనే రాశాను. ఆ అంకెను చూసే కొత్త బోర్లకు అనుమతిచ్చారు. వేసవికి బావి ఎండింది. తండా వలస పోయింది. అవ్వ వలసలోనే కన్నుమూసింది.

నిన్న మధ్యాహ్నం, అడుగు కనిపిస్తున్న ఆ బావిలో రాయి వేసి, గడియారం చూస్తూ నిలబడ్డాను. రాయి అడుగున పడడం కళ్లారా చూశాను. పూర్తి నిమిషం గడిచింది. చప్పుడు రాలేదు.