మూడు మీటర్ల గీత

మా అక్క జీతం తీసుకుని వాలీబాల్ ఆడేది. ఈ మాట చెబితే చాలామంది "అదీ ఒక ఉద్యోగమేనా?" అన్నట్టు చూస్తారు. పదహారేళ్లు చేసిందా ఉద్యోగం. తెల్లారి అయిదున్నరకల్లా వేళ్లకు టేపు చుట్టుకుని జిమ్ము తలుపు దగ్గర నిలబడేది. నేను పదిగంటల ఆఫీసుకే రోజూ ఆలస్యం. ఒకే తల్లి పిల్లలమే గానీ, అయిదు వేళ్లూ ఒక్కలా ఉండవు కదా.

మొదటి పన్నెండేళ్లు అక్క సెట్టర్. అంటే, వచ్చిన బంతిని వేళ్ల మీద అందుకుని, కొట్టేవాళ్లకు వాటంగా పైకి లేపే మనిషి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, చప్పట్లన్నీ కొట్టినవాళ్లకే. అక్కకు ఆ చింతే లేదు. ఎవరు పాయింటు కొట్టినా తనే కొట్టినంత సంబరపడేది.

అక్కకు ముప్ఫయ్యేళ్లు వచ్చిన ఏడాది కోచ్ ఒక ఆరడుగుల సెట్టర్‌ని తెచ్చాడు. మేం ఇంట్లో ఆ పిల్లను నిచ్చెన అనేవాళ్లం, కుళ్లుకొద్దీ. లిబెరోగా ఆడతావా, ఇంటికెళ్తావా అని అక్కను అడిగాడు. లిబెరో వెనక వరసలో ఉండి బంతి నేల తాకకుండా కాపాడాలి. నెట్టు మీదినుంచి కొట్టకూడదు. నెట్టుకు మూడు మీటర్ల దూరంలో ఒక గీత ఉంటుంది. లిబెరో అది దాటి ముందుకొచ్చి వేళ్లతో బంతి లేపితే, దాన్ని ఎవరూ ఎగిరి కొట్టకూడదు. కొడితే పాయింటు అవతలివాళ్లది. అక్క అన్నిటికీ ఒప్పుకుంది. లిబెరోకి చొక్కా రంగు కూడా వేరే. అది చూసి అమ్మ కంగారుపడి, దీని సైజులో జట్టు చొక్కా దొరకలేదా అని నన్నడిగింది.

నాలుగేళ్లు నేల మీద పడుతూ లేస్తూ ఆడింది. ముంజేతులు కమిలిపోయేవి. వేళ్లు మాత్రం ఊరుకునేవి కావు. టీవీ చూస్తూ సోఫా దిండుని గాల్లోకి లేపుతూ కూర్చునేది.

ఆ నాలుగో ఏడాది ఆఖరి మ్యాచ్ గెలిస్తే జట్టు పై లీగులోనే ఉంటుంది, అక్కకు ఇంకో ఏడాది ఒప్పందం దొరుకుతుంది. ఓడితే జట్టు కిందికి, అక్క ఇంటికి. కోచ్ ఆ సంగతి ముందే చెప్పేశాడు. అయిదో సెట్టు, పదమూడు-పద్నాలుగు. అవతలివాళ్లకు ఒక్క పాయింటు చాలు.

బంతి నిచ్చెన మీదికే వచ్చింది. పడుకుని మరీ ఎత్తింది గానీ, ఒకే మనిషి వరసగా రెండుసార్లు తాకకూడదు కాబట్టి రెండో బంతిని ఇంకెవరో లేపాలి. గీత దాటితే ముంజేతులతోనే లేపాలని కొత్తపిల్లలకు రోజూ చెప్పే మా అక్క పరుగెత్తింది, గీత దాటింది, వేళ్లతో లేపింది. ఒట్టు, అంత చక్కటి బంతి నేనెప్పుడూ చూడలేదు. కొట్టే అమ్మాయి కూడా గీత సంగతి మరిచిపోయి ఎగిరి కొట్టేసింది. నేనూ అమ్మా చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డాం. విజిల్ మోగింది. రిఫరీ అవతలివైపు చెయ్యి చాచాడు.

అంత బాగా వేస్తే తప్పంటాడేంటని అమ్మ ఒకటే గొణుగుడు. నాకూ ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో మరి.

మూడో రోజు క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. అక్క చదివి, మడిచిపెట్టి, అందరికీ టీ పెట్టింది. కంట తడి లేదు.

"తప్పు నాదేనే. ఆ క్షణంలో నేను లిబెరోనన్న సంగతే గుర్తులేదు" అంది.

సాయంత్రం నిచ్చెన ఫోన్ చేసింది. తను కిందపడి ఉండకపోతే ఇలా అయ్యేది కాదని వెక్కివెక్కి ఏడుస్తోంది. అక్క అరగంట సముదాయించింది. పడ్డాక ఏ కాలి మీద లేవాలో, లేస్తూ ఎటు చూడాలో ఓపిగ్గా చెప్పింది. ఆ పిల్లను నవ్వించింది కూడా. ఫోన్ పెట్టేశాక గోడకు ఆనుకుని కూర్చుని, చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఏంటక్కా?" అన్నాను.

"దానికింకా పదేళ్ల ఆటుందే" అంది.