నూట నలభై నాలుగు పువ్వులు

“...మెట్లు పదింటికి తుడిచినా ఎవరి కొంపా మునగదు గణేష్‌బాబుగారూ. మా ఇంట్లో గిన్నెలు ఆరింటికి తోమకపోతే నేను కాఫీ దేంట్లో కాచుకోవాలి?”

“అది మీరే చూసుకోవాలండి. మెట్లు మాత్రం ఏడింటికల్లా అయిపోవాలి. పిల్లలు స్కూలుకి దిగే టైము. ఆ మాట మీదే కదా గది ఇచ్చింది.”

“గది ఇచ్చింది మొగుడికి.”

“మొగుడూ పెళ్లాం ఇద్దరూ చేస్తామంటేనే ఇచ్చానండి. మెట్లు గది అద్దె కింద లెక్క, నాలుగిళ్ల గిన్నెలకి ఏ ఇంటి జీతం ఆ ఇంటిది. అబ్రహాము నా ఎదురుగా నిలబడి ఒప్పుకున్నాడు.”

మెట్ల కింద గదిలో బియ్యం ఏరుతున్న రూతు చేట కింద పెట్టింది. రాజమండ్రి వచ్చి అది నాలుగో రోజు. దానవాయిపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మొగుడికి వాచ్‌మన్ ఉద్యోగం, ఉండడానికి గది. అంతవరకే ఆమెకు తెలుసు. ఇప్పుడు మొదటి అంతస్తు మాణిక్యాంబగారూ, అపార్ట్‌మెంటు సెక్రటరీ గణేష్‌బాబూ మెట్ల మీద నిలబడి తన పొద్దుటిపూటని చెరో ముక్కా పంచుకుంటున్నారు.

అబ్రహాము నీళ్ల మోటారు కట్టేసి లోపలికి వచ్చాడు.

“నేను ఇళ్లలో గిన్నెలు తోముతానని ఒప్పుకున్నావా?”

“ఒప్పుకోకపోతే గది ఇచ్చేవాడా? పెళ్లాం పని చెయ్యని వాచ్‌మన్‌ని ఈ ఊళ్లో ఎవరూ పెట్టుకోరంట.”

“నాకో మాట చెప్పలేదేం?”

“చెప్తే రైలెక్కేదానివా?”

ఎక్కేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మొగల్తూరులో అబ్రహాము రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు. వరసగా మూడు పంటలు తెగులొచ్చి పోయాయి. ఆసామి చెరువులు ఎండగట్టేసి, మనుషుల్ని పంపేశాడు. రూతు లేసు అల్లేది. ఆమె తల్లి వీరమ్మ నడుం వంగిపోయేదాకా వరిచేలు ఊడ్చిన మనిషి. కూతురికి తొమ్మిదేళ్లు రాగానే లేసు సూది చేతిలో పెట్టి, “నీకీ బురద వద్దు, నీడపట్టున కూర్చుని బతుకు” అంది. అప్పటినుంచి ఇరవై తొమ్మిదేళ్లు రూతు నీడపట్టునే కూర్చుంది. సూది పట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి పొడిబట్టతో తుడుచుకునేది. తెల్లదారానికి పసుపు మరక అంటినా లేసు కొనే ఏజెంటు తీసుకోడు. వేలు గరుకెక్కితే దారం పట్టేస్తుంది. పని తక్కువ కూలిదే. కానీ మొగల్తూరులో ఆమెను ఎవరూ గిన్నెలకి రమ్మని పిలవలేదు.

ఆ సాయంత్రం తనే రెండో అంతస్తుకి వెళ్లి గణేష్‌బాబు తలుపు తట్టింది.

“నాకు లేసు పని వచ్చండి. ఒక్క నెల గడువియ్యండి. నా పని నేను చూసుకుని గదికి అద్దె కడతాను.”

“లేసా? ఇప్పుడది మిషను మీద మీటర్ల లెక్కన వస్తోంది కదమ్మా.”

“మిషను వేరండి, చెయ్యి వేరండి.”

గణేష్‌బాబు కాసేపు ఫోన్ చూసుకున్నాడు. “సరే. నెల్లాళ్లు చూస్తాను. ఆ తర్వాత పనికి రావాలి, లేదంటే గదికి ఇంకో జంటని చూసుకుంటాం. తర్వాత నన్ను అనుకోవద్దు.”

కింద మాణిక్యాంబగారి తలుపు తెరిచే ఉంది. “అంటే నెల్లాళ్లు నా చేతులే అరగాలన్నమాట” అని వినపడింది.

పన్నెండు రోజులు రూతు ఊరంతా తిరిగింది. పర్సులో తను అల్లిన నాలుగు లేసు పువ్వులు, కాగితంలో చుట్టి. మెయిన్ రోడ్డు ఫ్యాన్సీ షాపులో ఒకాయన పువ్వుని వేలి చివర గిరగిర తిప్పి, “దీన్నెవరు కొంటారమ్మా?” అన్నాడు. ఒక టైలరు, తనకి మిషను లేసే గిట్టుబాటు కావడం లేదన్నాడు. చీరల దుకాణంలో పోనీ సేల్స్‌లో పెట్టుకుంటారా అని అడిగితే, పాతికేళ్లు దాటినవాళ్లని తీసుకోం అన్నారు. ఇంటికి వస్తే అబ్రహాము, “దొరసానిగారు ఈ రోజు ఎన్ని దుకాణాలు కొన్నారు?” అనేవాడు.  అన్నం వండి, తిని, చేతులు సబ్బుతో కడుక్కునేది.

పదమూడో రోజున ఒక బొటిక్‌లో శ్రీసుధ అనే అమ్మాయి పువ్వుని అరచేతిలో పెట్టుకుని వెలుగుకి ఎత్తి చూసింది.

“మీరే వేశారా?”

ఈ ఊళ్లో రూతుని ‘మీరు’ అన్న మొదటి మనిషి ఆమె.

“పెళ్లివాళ్ల ఆర్డరుంది. ఈ పువ్వుతోటే పెద్ద టేబుల్ క్లాత్ కావాలి. పన్నెండు రోజుల్లో ఇస్తారా?”

“ఆయ్, ఎందుకివ్వనండి.”

దారం శ్రీసుధే ఇచ్చింది. టేబుల్ క్లాత్ అంటే నూట నలభై నాలుగు పువ్వులు. మొగల్తూరు ఏజెంటు ఎప్పుడూ అడిగేది అంతే. రోజుకి పన్నెండు లెక్కన రూతు గది గుమ్మంలో కూర్చుని వేసింది. స్కూలు పిల్లలు దిగుతూ ఆగి చూసేవారు. మాణిక్యాంబగారు కూరగాయల సంచితో పోతూ, “ఎంతిస్తారేంటి దానికి?” అనేది. “బాగానే ఇస్తారండి” అనేది రూతు, తల ఎత్తకుండా. అబ్రహాము హేళన మానేశాడు. ఒకరోజు తనే అన్నం వార్చాడు.

పన్నెండో రోజు డజను చొప్పున దారానికి గుచ్చిన పన్నెండు దండలు శ్రీసుధ బల్ల మీద వరసగా పెట్టింది.

“చాలా బాగున్నాయండి” అంది శ్రీసుధ. సంచి వైపు చూసింది. “టేబుల్ క్లాత్ ఏదండీ?”

“అదేనండి. నూట నలభై నాలుగూ ఉన్నాయి, లెక్క చూసుకోండి. ఇంక అతుక్కి పంపించెయ్యడమే.”

“ఎవరికి పంపించాలి?”

 మొగల్తూరులో పువ్వులు వేసేవాళ్లు పువ్వులే వేస్తారు. వాటిని కలిపే అతుకుపని ఇంకో ఇంట్లో, చుట్టూ అంచు వేరే ఇంట్లో. ఇంటింటికీ సరుకు తిప్పేది ఏజెంటు. లేసు వచ్చా అంటే అక్కడ ఎవరికి ఏ ముక్క వస్తే ఆ ముక్క వచ్చని అర్థం. ఇంతకంటే అడిగినవాళ్లు ఇన్నేళ్లలో లేరు.

“మీరు కలపలేరా?” అంది శ్రీసుధ.

“అది నా పని కాదండి.”

“ఎన్నేళ్లనుంచి వేస్తున్నారు?”

“ఇరవై తొమ్మిదేళ్లండి.”

“టేబుల్ క్లాత్ ఒక్కటి కూడా చెయ్యలేదా?”

“చూశానండి. ఏజెంటుగారింట్లో. రెండుసార్లు.”

శ్రీసుధ కోప్పడలేదు. తనే సరిగ్గా అడగలేదేమో అంది. పెళ్లివాళ్లతో మాట్లాడి రెండు రోజులు ఆపుతానంటే, రూతు దండలు వెనక్కి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే రూతు తొమ్మిది పువ్వులు కలిపి చూసింది. నేల మీద పరిస్తే మధ్యలో వేయించిన అప్పడంలా ఉబ్బింది. విప్పి మళ్లీ కలిపింది. ఈసారి అంచులు లేచాయి. మొగల్తూరులో అతుకుపని చేసే సంపూర్ణమ్మకి ఫోన్ చేసింది.

“ఏమే రూతూ, పట్నం వెళ్లాక గుర్తొచ్చానా?”

“పువ్వుకీ పువ్వుకీ మధ్య ఎన్ని గొలుసు కుట్లు వదలాలి సంపూర్ణమ్మగారూ?”

“ఎందుకే?”

చెప్పింది. 

“ఏడేళ్లు మా అత్త చేత తిట్లు తిని నేర్చుకున్నదే అది. ఫోన్లో చెప్తే వచ్చేస్తుందా?”

“ఒక్కసారికేనండి.”

“ఒక్కసారి వస్తే ఎప్పటికీ వచ్చినట్టే. రేపు నువ్వు పదిమందికి చెప్తావు, ఆ పదిమందీ నా కూటికే వస్తారు. కావాలంటే పువ్వులు పంపు, కలిపిస్తాను. ఏజెంటుగారి సరుకు అయ్యాక. మూడు వారాలు పడుతుంది.”

“మూడు వారాలు ఆగరండి.”

“మరి వాళ్లని మిషనుది కొనుక్కోమను.”

మిషనుదే కొన్నారు. మూడో రోజు రూతు పువ్వులు మళ్లీ దండలు గుచ్చి బొటిక్‌కి వెళ్లేటప్పటికి బల్ల మీద రవిక గుడ్డలున్నాయి. శ్రీసుధ ఒక్క దండ తీసుకుంది, గిఫ్ట్ ప్యాకెట్ల మీద అంటిస్తానని. దాని డబ్బు కవర్లో పెట్టి ఇచ్చింది. మిగతా పదకొండూ సంచిలోకి సర్దింది. “మీ చెయ్యి చాలా మంచిదండి” అంది.

రూతు నడిచే వచ్చింది. సెల్లారులో గణేష్‌బాబు బైకు తుడుచుకుంటున్నాడు. మాణిక్యాంబగారు లిఫ్ట్ కోసం నిలబడి ఉంది. అబ్రహాము నీళ్ల పైపు చుడుతున్నాడు.

“ఏమ్మా, రేపటితో నెల అయిపోతోంది” అన్నాడు గణేష్‌బాబు.

“చేస్తుందండి” అన్నాడు అబ్రహాము. “నేను చెప్తాను కదండి. మెట్లు ఏడింటికల్లా...”

“నువ్వుండు” అంది రూతు. సంచి బైకు పక్కన దించింది.

“రేపు ఆరింటికి మాణిక్యాంబగారింటికి వస్తానండి. తర్వాత మీ ఇంటికి, ఆ తర్వాత పైన రెండిళ్లకి. జీతాలు నా చేతికే ఇవ్వాలి. మెట్లు ఈయన తుడుస్తాడు. ఒప్పుకున్నది ఈయన.”